పన్నెండు మంది ఉన్నా అది బడే!

రెండు వందల ఏళ్ల నాటి లెక్క చెబుతున్న నిజం - రాయలసీమలో మూతపడుతున్న పల్లె బడుల కథ

రాయలసీమ పల్లెల్లో బడి అంటే పెద్ద భవనమేమీ కాదు. ఊరి మొగదల ఒక గది, ముందు చిన్న వరండా, వేపచెట్టు కొమ్మకు తాడుతో కట్టిన రైలు పట్టా ముక్క. ఆ పట్టా మీద మోగిన గంటే చాలా ఊళ్లకు గడియారం. చేలో కలుపు తీస్తున్న తల్లికి ఆ గంట వినిపిస్తే పిల్లవాడు బువ్వకు కూర్చున్నాడని తెలిసేది. అటువంటి బడులకు ఇప్పుడు ఒక్కొక్కటిగా తాళాలు పడుతున్నాయి. చాలినంత మంది పిల్లలు లేరన్నది చెబుతున్న కారణం.

చాలినంత మంది అంటే ఎంత మంది? ఈ ప్రశ్నకు ఇదే సీమలో రెండు శతాబ్దాల కిందట జరిగిన ఒక సర్వేలో సమాధానం దొరుకుతుంది.

మన్రో అడిగిన లెక్క

1800లో నిజాము కంపెనీవారికి వదులుకున్న దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఏడేళ్లపాటు గుర్రం మీద ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, శిస్తులు కట్టినవాడు. ఆయన తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. 1822 జూన్‌లో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎంత మంది చదువుతున్నారో, ఏ కులంవారు ఎందరో లెక్క తీసి పంపమని కలెక్టర్లందరికీ ఉత్తరువు చేయించాడు.

అప్పటి బళ్లారి జిల్లా చాలా పెద్దది. నేటి అనంతపురం ప్రాంతం, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అన్నీ అందులోనివే. 1882లో అనంతపురం వేరే జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి. ఆ పాత బళ్లారి జిల్లాకు అప్పుడు కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించిన పండితుడు కూడా ఆయనే. 1823లో ఆయన పంపిన నివేదిక ఆనాటి పల్లె చదువును కళ్లకు కడుతుంది.

ఆ లెక్క ప్రకారం జిల్లా జనాభా సుమారు 9 లక్షల 28 వేలు. బడులు 533. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. మిగిలినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం, తమిళం, ఇంగ్లీషు బడులు. అన్నింటిలో కలిపి చదువుతున్నవారు 6,641 మంది.

పాఠకులు ఒక్కసారి భాగహారం చేసి చూడవచ్చు. సగటున బడికి వచ్చేది పన్నెండు మంది. అంటే నేడు 'నడపలేనంత చిన్నది' అంటున్న బడి, రెండు వందల ఏళ్ల కింద ఈ నేలమీద మామూలు బడి.

తిన్నె మీద చదువు

ఆనాటి బడి పంతులుగారి ఇంటి తిన్నె మీదో, గుడి మండపంలోనో నడిచేది. పిల్లవానికి అయిదో ఏట అక్షరాభ్యాసం. తెల్లవారుజామున బడి మొదలు. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారని, రెండోవానికి సున్న చుట్టేవారని, మూడోవానికి చిన్న దెబ్బ, నాలుగోవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువగా పడేవని క్యాంబెల్ రాశాడు. బద్ధకస్తులకు కోదండం, గుంజీళ్లు తప్పేవి కావు.

ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం ఆ బడి పద్ధతి. కాగితం ఖర్చు లేదు, రెండో పంతులు జీతం లేదు. ఈ పొదుపు చూసి క్యాంబెల్ మెచ్చుకున్నాడు. అలాగని లోపాలను దాచలేదు. పద్యాలు కంఠతా పట్టిస్తున్నారే గాని అర్థం చెప్పడం లేదని, పుస్తకాల భాష పిల్లలు మాట్లాడే భాష కాదని కూడా రాశాడు.

ఆ నివేదికలో మరో అంకె ఉంది. 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. జిల్లా మొత్తం మీద అరవై మందే! మాల మాదిగ బిడ్డలకు తిన్నె బడిలో చోటే లేదు. కనుక 'ఆ రోజులే బాగుండేవి' అని ఎవరూ అనడానికి వీల్లేదు.

అప్పుడూ మూతలే

క్యాంబెల్ అంతటితో ఆగలేదు. పూర్వం బడి ఉన్న అనేక గ్రామాల్లో ఇప్పుడు బడి లేదని, ఉన్నచోట కూడా కలిగినవారి బిడ్డలే చదువుతున్నారని, తక్కినవారికి పేదరికం అడ్డమయిందని పైవారికి తెలియజేశాడు. ఇంగ్లండు బట్టలు వచ్చి నేతగాళ్ల బతుకులు చితికిపోవడం, దేశంలోని డబ్బు బయటికి తరలిపోవడం ఇందుకు కారణాలని ఒక కంపెనీ కలెక్టరే రాయడం గమనార్హం. పాలకుల అండ లేనిదే ఏ దేశంలోనూ చదువు నిలవలేదని ఆయన అభిప్రాయం.

మన్రో ఈ నివేదికలన్నీ చూసి, తాలూకాకు ఒక బడి చొప్పున సర్కారు ఖర్చుతో పెట్టాలని 1826లో నిర్ణయించాడు. మరుసటి ఏడు జూలైలో దత్తమండలాల్లో చివరి పర్యటనకు వచ్చి, పత్తికొండలో కలరా తగిలి కన్నుమూశాడు. ఆయన పెట్టించిన తాలూకా బడులను 1836లో ఎత్తివేశారు. ఈ ప్రాంతంలో సర్కారు బడి మొదటి కథ అలా పదేళ్లకే ముగిసింది.

ఊరి బడి, వాడ బడి

ఆ తరువాత చాలా కాలం పల్లె చదువు తిన్నె బడి పంతుళ్లమీద, మిషనరీలమీద ఆధారపడింది. గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాల్లో లండన్ మిషన్ వారు పల్లెల్లో బడులు పెట్టి, ఊరు గడప తొక్కనివ్వని బిడ్డలను కూర్చోబెట్టి చదువు చెప్పారు. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్థానిక బోర్డులు బడులు తెరిచాయి. ఊరి బడిలో చేరనివ్వని చోట్ల దళిత బిడ్డల కోసం లేబర్ శాఖ వేరే బడులు నడిపింది.

ఒకే గ్రామంలో ఊరికొకటి, వాడకొకటి బడి ఎందుకున్నదో ఈ చరిత్ర తెలిస్తే గాని అర్థం కాదు. నేటి లెక్కల్లో అవి దగ్గర దగ్గరగా ఉన్న రెండు చిన్న బడులు మాత్రమే. ఒకదానిలో మరొకటి కలిపితే సరిపోతుందనిపిస్తుంది. కలపడం మంచిదే కావచ్చు. అయితే అలా కలిపినప్పుడు ఏ బడికి తాళం పడుతున్నదో, ఎవరి బిడ్డలు నడవవలసి వస్తున్నదో చూడాలి కదా!

సమితి బడి నాటి ముచ్చట

1959లో పంచాయతీ సమితులు వచ్చాక ప్రాథమిక పాఠశాలలు వాటి కిందికి వచ్చాయి. 'సమితి బడి', 'సమితి అయ్యవారు' అన్న మాటలు అప్పుడు పుట్టినవే. ప్రతి పిల్లవానికి నడక దూరంలో బడి ఉండాలని, అది మైలు లోపల ఉంటే మేలని 1964-66 నాటి కొఠారి కమిషన్ సూచించింది. ఊరివారు స్థలం ఇచ్చారు. బండ్లతో రాళ్లు తోలారు. రామాలయంలోనో, చావడిలోనో నడిచిన బడి సొంత గదిలోకి మారింది. మార్కాపురం పలకలు, బలపాలు, పెద్దబాలశిక్ష, ఎక్కాల పుస్తకం. ఇదే సరంజామా.

1986 తరువాత సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. బోర్డు మీద పేరు 'మండల ప్రజా పరిషత్ ప్రాథమిక పాఠశాల'గా మారింది. 1987లో మొదలయిన నల్లబల్ల పథకం, ఎంత చిన్న బడికైనా కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని చెప్పింది. బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం కింద 1990లలో చాలా పల్లెలకు పక్కా గదులు వచ్చాయి. 2003 నుంచి మధ్యాహ్నం వేడి అన్నం మొదలయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. అయిదో తరగతి వరకు కిలోమీటరు లోపల బడి అన్నది నియమమయింది. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టమే చెబుతోంది.

కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి కాలం లేదు. మరి బడి ఎందుకు ఖాళీ అయింది?

మూడు దారులలో పోయిన పిల్లలు

మొదటి కారణం పిల్లలే తగ్గడం. 1992-93 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో తల్లికి సగటున 2.6 మంది బిడ్డలు. 2019-21 సర్వే నాటికి అది 1.7కు దిగింది. నలుగురైదుగురు తోబుట్టువులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని బడికి వచ్చిన రోజులు పోయాయి.

రెండవది వలస. కర్నూలు పడమటి మండలాల నుంచి వానలు లేని ఏటా, ఉన్న ఏటా కూడా కూలీలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు 'సుగ్గి'కి పోతారు. తల్లిదండ్రులతోపాటు పిల్లలూ పోతారు. వారిని ఊళ్లోనే ఉంచి చదివించేందుకు సీజనల్ హాస్టళ్లు తెరుస్తున్నారు. అవి సకాలంలో తెరుచుకుంటే హాజరు పట్టీ నిలుస్తుంది. ఆలస్యమైతే అప్పటికే బండి కదిలిపోయి ఉంటుంది.

మూడవది పచ్చ బస్సు. పక్క టౌను నుంచి ఇంగ్లీషు మీడియం బడి బస్సు పల్లెలోకి వచ్చి వీధి మలుపులో హారన్ కొడుతుంది. టై కట్టుకున్న పక్కింటి పిల్లను చూసి ప్రతి తల్లికీ ఆశ పుడుతుంది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయిదు తరగతులకు ఒక్క టీచర్ ఉన్న బడిలో తన బిడ్డను ఉంచమని ఏ తల్లికి ఎవరు చెప్పగలరు?

పద్దెనిమిది పాఠాలు, ఒక్క గొంతు

ఏకోపాధ్యాయ పాఠశాల పని ఎలా ఉంటుందో బయటివారికి అంతగా తెలియదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి అయిదు వరకు వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం పద్దెనిమిది పాఠాలు. చెప్పేది ఒక్కరు. ఒక వరుసకు గుణింతాలు దిద్దమని చెప్పి, మరో వరుసకు భాగహారం చూపించి, మూడో వరుస వైపు తిరిగేసరికి మొదటి వరుసలో పలక పగులుతుంది. మధ్యలో అన్నం సంగతి, గుడ్ల లెక్క, హాజరు, మరుగుదొడ్డి ఫోటో అన్నీ ఫోను యాప్‌లలో ఎక్కించాలి. ఆ ఒక్కరికి జ్వరం వస్తే ఆ రోజు పక్క ఊరి టీచర్ వచ్చి తాళం తీయాలి.

2024-25 కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. వాటిలో చదువుతున్న పిల్లలు 33 లక్షల 76 వేల పైచిలుకు. ఈ బడులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మన వాటా 12,912. అదే ఏడాది ఒక్క పిల్లవాడు కూడా చేరని బడులు దేశంలో 7,993 ఉండగా, వాటిలో 2,245 పొరుగునున్న తెలంగాణవి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక బడి ఏ దారిన పోతుందో తెలుస్తుంది. ఒక్క టీచర్ మిగిలిన బడి, ఏదో ఒక జూన్ నెలలో ఒక్క పిల్లవాడూ లేని బడి అవుతుంది.

తాళం ఎలా పడుతుంది

బడి ఒక్కరోజులో మూతపడదు. పిల్లలు తగ్గినప్పుడు రెండో టీచర్ పోస్టు 'మిగులు' కింద లెక్క కడతారు. బదిలీల్లో ఆ టీచర్ వెళ్లిపోతారు. ఇద్దరున్నప్పుడు నమ్మకంతో ఉన్న తల్లిదండ్రులు ఒక్కరయ్యేసరికి టీసీలు అడుగుతారు. పిల్లలు ఇంకా తగ్గుతారు. తగ్గినందుకే టీచర్‌ను తీశారా, తీసినందుకే పిల్లలు తగ్గారా అన్నది చెట్టు ముందా విత్తు ముందా అన్నట్లు తేలని సమస్య.

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన 117వ నంబరు ఉత్తరువు కింద అనేకచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలల్లో కలిపారు. సబ్జెక్టు టీచర్లు చెబుతారు, చదువు మెరుగవుతుందన్నది ఉద్దేశం. పల్లె బడిలో ఒకటి, రెండు తరగతులు మిగిలాయి. అక్క ఒక బడికి, తమ్ముడు ఒక బడికి పోవలసి వచ్చిన తల్లిదండ్రులు, వారితోపాటు ఉపాధ్యాయ సంఘాలు ఆందోళనకు దిగాయి. 2025లో ఆ ఉత్తరువును రద్దు చేసి, తరగతికొక టీచర్ ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల విధానం తెచ్చారు. తరగతికొక టీచర్ అన్నది మంచి మాటే. అయితే ఆ మూడేళ్లలో పక్క టౌను బస్సెక్కిన పిల్లలను ఉత్తరువు రద్దుతో వెనక్కి పిలవడం తేలిక కాదు.

రిజిస్టరు ఎక్కడ?

బడి మూతపడితే బెంచీలు, వంట పాత్రలు పక్క బడికి పోతాయి. వంట చేసిన పొదుపు సంఘం ఆడవారికి పని పోతుంది. గది మాత్రం ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంగా తెరుచుకుంటుంది. ఇవన్నీ కనిపించే మార్పులు. కనిపించనిది అడ్మిషన్ రిజిస్టరు.

పల్లెటూరివారికి ఆ పుస్తకం చిన్నది కాదు. ఇంట్లో పుట్టిన పాత తరంవారికి పుట్టిన తేదీకి అదే రుజువు. బిడ్డ వయసు తల్లి నోటిమాటగా చెబితే, అయ్యవారు అంచనా వేసి జూన్ ఒకటో తేదీయో, జూలై ఒకటో తేదీయో వేసేవారు. ఒకే ఊరిలో సగం మందికి ఒకే పుట్టినరోజు రావడానికి కారణమిదే. పింఛనుకు పోయినా, ఉద్యోగానికి పోయినా ఆ తేదీయే దిక్కు. మరో సంగతి కూడా ఉంది. రాజ్యాంగం 371-డి అధికరణ కింద ఉద్యోగాల్లో స్థానికులమని చూపించుకోవాలంటే నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మూతపడిన బడి రిజిస్టరు ఏ బీరువాలో ఉన్నదో తెలియకపోతే, ఇరవై ఏళ్లకు వచ్చి అడిగే పిల్లవాడు ఏ తలుపు తట్టాలి?

నడక ఎవరిది?

బడి దూరమైనప్పుడు బైకు ఉన్న ఇంటికి పెద్ద ఇబ్బంది లేదు. తండ్రి దింపి వస్తాడు. పొద్దున ఆరింటికే కూలికి పోయే ఇంట్లో అలా దింపేవారు లేరు. మ్యాపు మీద కిలోమీటరే కావచ్చు. మధ్యలో వంక ఉందా, లారీలు పోయే రోడ్డు దాటాలా, కుక్కలున్నాయా అన్నవి మ్యాపులో కనిపించవు. ఆరేళ్ల మగపిల్లవాడు నాలుగు రోజులు మానేస్తే మళ్లీ పంపుతారు. ఆడపిల్ల అయితే 'తమ్ముణ్ణి చూసుకో' అని ఇంట్లో ఉంచేస్తారు.

ఇది ఊహించి భయపడుతున్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా మహిళల్లో అక్షరాస్యులు దాదాపు సగమే. 1823లో అరవై మంది ఆడపిల్లలున్న చోటు నుంచి అంత దూరం రావడానికి ఊరి నడుమ బడి ఉండటమే పెద్ద సాయమయింది. అమ్మకు కనుచూపు మేరలో ఉంది గనుకనే ఎందరో ఆడపిల్లలు బడి గడప తొక్కారు.

చేయవలసినది

ప్రతి చిన్న బడినీ ఉన్నదున్నట్లు ఉంచాలని ఎవరూ అనడం లేదు. పిల్లలే లేని బడిని తెరిచి ఉంచి లాభం లేదు. ముగ్గురు పిల్లలతో ఆటే సాగదన్న మాటా నిజమే. కానీ పది, పదిహేను మంది ఉన్న బడిని 'చిన్నది' అన్న ఒక్క కారణంతో వదిలేయడం న్యాయం కాదు. చిన్నతనం ఆ బడి జబ్బు కాదు. రెండో టీచర్ లేకపోవడమే దాని జబ్బు.

కనీసం ఒకటి, రెండు తరగతులను అంగన్‌వాడీతో కలిపి ఊళ్లోనే ఉంచాలని, పిల్లలున్న ప్రతి బడికి ఇద్దరు టీచర్లను ఇవ్వాలని విద్యాభిమానులు కోరుతున్నారు. కలపక తప్పనిచోట ముందుగా దారి కొలవాలి. మ్యాపు మీద కాదు, ఆరేళ్ల పిల్లతో నడిచి కొలవాలి. చట్టంలో ఉన్న రవాణా సౌకర్యం బడికి తాళం వేయకముందే ఏర్పాటు కావాలి. రిజిస్టర్లు ఏ బడికి చేరాయో మూసిన బడి గోడమీదే రంగుతో రాయించాలి. ఖాళీ గదిని శిథిలం కానివ్వకుండా గ్రంథాలయానికో, సాయంత్రం ట్యూషన్‌కో పంచాయతీకి అప్పగించాలి.

వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. రాబోయే జూన్‌లో బడులు తెరిచేలోగా జిల్లా అధికారులు ఈ విషయమై దృష్టి సారించవలసి ఉంది. తల్లిదండ్రులు కూడా పచ్చ బస్సు ఎక్కించేముందు ఒక్కసారి ఊరి బడి గడప దాకా వెళ్లి, రెండో టీచర్‌ను ఎందుకు తీసేశారని గట్టిగా అడగవలసి ఉంది. అడిగేవారు ఉన్న ఊళ్లో తాళం వేయడం అంత సులువు కాదు.